మెట్ట తాలూకాల్లో ప్రభుత్వ భూమి, ప్రజాప్రతినిధి: ఉదయగిరి, ఆత్మకూరుల సమీక్ష

నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలిగొండలకూ పెన్నానదికీ నడుమ ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాలు రాష్ట్రానికి ఒక ముఖ్యమంత్రినీ, మంత్రులనూ, తరువాతి కాలంలో ఉపరాష్ట్రపతి పదవిని చేపట్టిన ఒక శాసనసభ్యుణ్ణీ ఇచ్చాయి. ఇటువంటి నాయకుల పాలనా జీవితాన్ని అంచనా కట్టేటప్పుడు వారు తెచ్చిన కాలువలు, వేయించిన రోడ్లు, ఇప్పించిన పట్టాలు లెక్కకు వస్తాయి గాని, వారి హయాంలో ప్రభుత్వ భూమి ఎంత నిలిచింది, ఎంత చేజారింది అన్న ప్రశ్న సాధారణంగా లేవదు. వర్షాధారపు మెట్ట ప్రాంతంలో పశువుల మేత, చెరువు నీరు, వంటచెరకు, పేదవాడి సేద్యం చాలావరకు ప్రభుత్వ భూమి మీదనే ఆధారపడి ఉన్నందువల్ల, ఆ ప్రశ్నను ముందుకు తెచ్చి, ఈ ప్రాంతపు ప్రజాప్రతినిధుల రాజకీయ జీవితాలకూ భూ సంరక్షణకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేల, రికార్డు

ఈ రెండు తాలూకాల భూ చరిత్ర ఒకే తీరుది కాదు. పక్కనే వెంకటగిరి జమీందారీ విస్తరించి ఉన్నప్పటికీ, ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు ప్రధానంగా రైత్వారీ ప్రాంతాలు. అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టిన ప్రాంతాలు. వాటి నడుమ పండితులకు, దేవాలయాలకు, గ్రామ సేవకులకు పూర్వ పాలకులు ఇచ్చిన ఇనాములు, శ్రోత్రియాలు ఉండేవి. ఉదయగిరి దుర్గం చుట్టుపక్కల నవాబుల కాలం నుంచి జాగీరుగా సాగిన ప్రాంతాన్ని 1840 ప్రాంతంలో కుంఫిణీ ప్రభుత్వం జాగీరుదారు నుంచి స్వాధీనం చేసుకుంది. ఇన్ని రకాల హక్కులు పక్కపక్కనే ఉన్నచోట ఏది సర్కారు నేల, ఏది కాదు అన్నది తేల్చడానికి సర్వే సెటిల్‌మెంటు రికార్డులే ఆధారమయ్యాయి.

ఆ రికార్డుల్లో ప్రభుత్వ భూమి అనేక పద్దుల కింద కనిపిస్తుంది. చెరువు, వాగు, దారి, శ్మశానం వంటి ఉమ్మడి అవసరాలకు వదిలినది పోరంబోకు. పశువులకు విడిచినది మేత పోరంబోకు. సాగుకు పనికివచ్చి ఎవరికీ పట్టా కానిది బంజరు. అందులో నుంచి భూమిలేని పేదకు షరతులతో ఇచ్చినది అసైన్డ్ భూమి, వాడుకలో డీకేటీ పట్టా. 1905లో మద్రాసు రాష్ట్రం చేసిన భూ ఆక్రమణల చట్టం రోడ్లు, నదులు, వాగులు, చెరువుల గర్భాలు ప్రభుత్వ ఆస్తి అని ప్రకటించి, ఆక్రమణదారుకు నోటీసు ఇచ్చి ఖాళీ చేయించే అధికారాన్ని రెవెన్యూ అధికారులకు కట్టబెట్టింది. మండల తహసీల్దారు ఈనాటికీ ఆక్రమణదారు చేతికిచ్చే ఏడో సెక్షన్ నోటీసు ఆ చట్టం కిందిదే.

రికార్డులోని ఒక్క గడి ఎంత వివాదానికి దారితీయగలదో చుక్కల భూముల ఉదంతం చూపుతుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో రీసెట్లుమెంటు జరిగినప్పుడు తయారైన రిజిస్టరులో, అంటే ఆర్ఎస్ఆర్‌లో, ప్రతి సర్వే నంబరుకూ విస్తీర్ణం, మెట్టా మాగాణీ వివరం, శిస్తు, పట్టాదారు పేరు వరుసగా రాస్తారు. పట్టాదారు తేలనిచోట గుమాస్తా పేరుకు బదులు చుక్కలు పెట్టి ముందుకు సాగాడు. ఆ చుక్కలు ప్రభుత్వ భూమికి గుర్తా, పేరు తెలియని రైతు భూమికి గుర్తా అన్నది రిజిస్టరులో ఎక్కడా లేకపోవడంతో, తరువాతి తరాల అధికారులు దాన్ని ఒకప్పుడు ఒక విధంగా, మరొకప్పుడు మరొక విధంగా చదివారు. 2016లో ఈ భూములు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో చేరాయి. పన్నెండేళ్ళ స్వాధీనాన్ని ప్రధాన ఆధారంగా తీసుకొని హక్కు తేల్చడానికి 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2023 మే 12న ఇదే జిల్లాలోని కావలిలో జరిగిన సభలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి రాష్ట్రవ్యాప్తంగా సుమారు 2.06 లక్షల ఎకరాలను నిషేధం నుంచి తప్పిస్తున్నట్లు ప్రకటించారు. ఏడేళ్ళలో మూడుసార్లు దిశ మారిన ఈ వ్యవహారంలో సాగుదారుకు న్యాయం జరగవలసి ఉండగా, నిజంగా ప్రభుత్వానివైన చుక్కల భూములను విడదీసి చూపే పని కూడా అంతే అవసరం. పాలకపక్షాలు మొదటి పనిని సభల్లో చేశాయి. రెండో పని తహసీల్దారు కార్యాలయంలోనే మిగిలిపోయింది.

శాసనకర్తల తరం

ఈ ప్రాంతం నుంచి రాష్ట్ర పాలనలో అత్యున్నత స్థానానికి చేరినవారు బెజవాడ గోపాలరెడ్డి. 1937లో రాజాజీ మంత్రివర్గంలో స్థానిక పరిపాలన మంత్రిగా పనిచేసిన ఆయన, 1955 ఎన్నికల్లో ఆత్మకూరు నుంచి గెలిచి, ఆ ఏడాది మార్చి 28 నుంచి 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆయన తరం నాయకుల ముందున్న పని మధ్యవర్తులను తొలగించడం. జమీందారీల రద్దుకు 1948లో మద్రాసు రాష్ట్రం చేసిన చట్టం ఎస్టేట్లలోని అడవులను, చెరువులను, ఉమ్మడి భూములను, బంజర్లను ప్రభుత్వపరం చేయగా, ఆంధ్ర రాష్ట్రపు శాసనాల్లో ఒకటైన 1956 నాటి ఇనాముల రద్దు చట్టం ఇనాము భూములను రైత్వారీలోకి మార్చింది.

ఈ రెండు చట్టాలను భూ సంస్కరణలుగానే గుర్తుంచుకోవడం పరిపాటి అయినా, ప్రభుత్వ భూమి సంరక్షణకు పునాదులు పడినది కూడా వీటిలోనే. మొదటి చట్టం వల్ల జమీందారు చేతిలో ఉన్న అడవి, మేతభూమి ప్రజల ఆస్తి అయింది. రెండో చట్టం వల్ల రైత్వారీ, జమీందారీ గ్రామాల్లో దేవాలయాల పేర ఉన్న ఇనాము భూములకు ఆ సంస్థల పేరనే పట్టా పొందే హక్కు ఏర్పడింది. ఈనాడు దేవాదాయశాఖ కోర్టులో చూపే హక్కు పత్రాల మూలం చాలాచోట్ల ఇక్కడే ఉంది. ఆ తరం శాసనం ద్వారా భూమిని ప్రజలపరం చేసింది గాని, దాన్ని కాపాడే సిబ్బందిని, సరిహద్దు రాళ్ళను, గ్రామస్థాయి జాబితాలను సమకూర్చే పనిని తరువాతి ప్రభుత్వాలకు వదిలిపెట్టింది.

పంపిణీ రాజకీయం

1970ల నుంచి ప్రభుత్వ భూమి ప్రధానంగా పంపిణీ వస్తువయింది. ఇందుకు సామాజిక కారణం బలమైనదే. 1973 నాటి భూపరిమితి చట్టం మెట్ట ప్రాంతంలో ఆశించినంత మిగులు భూమిని బయటకు తేలేకపోయినందువల్ల, దళితులకు, యానాదులకు, ఇతర పేదలకు ఇవ్వడానికి ప్రభుత్వానికి అందుబాటులో ఉన్నది బంజరు మాత్రమే. అలా ఇచ్చిన భూమి మళ్ళీ ధనికుల పాలు కాకుండా 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. పేద రైతు అమ్మినా ఆ అమ్మకం చెల్లదని, కొన్నవాడి నుంచి భూమిని వెనక్కి తీసుకోవచ్చని అది చెప్పింది. నెల్లూరు జిల్లాలో ప్రత్యేకంగా వినిపించే సీజేఎఫ్ఎస్ భూములు, అంటే దళితుల ఉమ్మడి వ్యవసాయ సహకార సంఘాలకు ఇచ్చిన భూములు, ఈ ధోరణికే మరొక రూపం. సంఘాలు మూతపడినచోట ఆ భూమి సభ్యులదా, సంఘానిదా, ప్రభుత్వానిదా అన్న తగవు మిగిలింది.

ఈ పంపిణీలో శాసనసభ్యుడి స్థానం కీలకమైనది. అర్హుల జాబితాను ఆమోదించే అసైన్‌మెంటు కమిటీకి స్థానిక శాసనసభ్యుడు అధ్యక్షత వహించగా, తహసీల్దారు కన్వీనరుగా వ్యవహరించే పద్ధతి చాలాకాలం సాగింది. సర్వే నంబరు, విస్తీర్ణం, లబ్ధిదారు పేరు, అతనికి మాగాణి రెండున్నర ఎకరాలకో మెట్ట ఐదెకరాలకో మించి సొంత భూమి లేదన్న ధ్రువీకరణ కలిగిన కాగితం ఆ కమిటీ ముందుకు వస్తుంది. ఏ పోరంబోకును పంపిణీ నుంచి మినహాయించాలి, ఏ చెరువు శిఖాన్ని, అంటే చెరువు గర్భాన్ని, ముట్టుకోకూడదు అన్న ప్రశ్న అడగగల అధికారం కూడా ఆ అధ్యక్షుడిదే. కాని ఓటరుకు కనిపించేది పంచిన పట్టా; పంచకుండా ఆపిన మేతభూమి ఎవరి ఖాతాలోనూ పడదు. ప్రజాప్రతినిధి వ్యక్తిగత స్వభావం ఎలా ఉన్నా, ఈ వ్యవస్థ ఆయనను పంపిణీ వైపే నెడుతుంది.

1978లో జనతా పార్టీ తరఫున, 1983లో భారతీయ జనతా పార్టీ తరఫున ఉదయగిరి నుంచి గెలిచిన ఎం. వెంకయ్యనాయుడు జీవితం ఇందుకు భిన్నమైన ఒక కోణాన్ని చూపుతుంది. ఆయన శాసనసభలో ఉన్నది ప్రతిపక్షంలో. పంపిణీ యంత్రాంగం ఆయన చేతిలో లేదు, ప్రశ్నించే వేదిక మాత్రం ఉంది. భూకబ్జాలను నేరంగా పరిగణించి ప్రత్యేక న్యాయస్థానాలకు దారితీసిన 1982 నాటి భూ ఆక్రమణల నిషేధ చట్టం ఆయన సభ్యుడిగా ఉన్న కాలంలోనే వచ్చింది. 1985లో ఆత్మకూరులో ఓడిపోయిన తరువాత ఆయన రాజకీయం క్రమంగా జాతీయ స్థాయికి మళ్ళి, 2000 నుంచి 2002 దాకా కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిగా, బంజరు భూముల అభివృద్ధిని, పరీవాహక పథకాలను చూసే భూవనరుల విభాగానికి కూడా అధిపతి అయ్యారు. బంజరును పంచవలసిన ఖాళీ స్థలంగా కాక తేమను, గడ్డిని నిలిపే పరీవాహక ప్రాంతంగా చూసే దృష్టి అక్కడ ఉంది. ఆ దృష్టి ఫలితం మాత్రం ఢిల్లీ మార్గదర్శకాల కంటే గ్రామంలో సరిహద్దు రాయి నిలవడం మీదనే ఆధారపడింది.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2005 నుంచి విడతలవారీగా భూపంపిణీ చేపట్టి, మరోవైపు కోనేరు రంగారావు కమిటీ ద్వారా అసైన్డ్ భూములు పేదల చేతిలో నిలవకపోవడానికి కారణాలను పరిశీలింపజేసింది. ఇరవయ్యేళ్ళు దాటిన అసైన్డ్ సాగుభూమికి పూర్తి హక్కు ఇచ్చే 2023 సవరణ 1977 చట్టపు మూలసూత్రాన్నే మార్చింది. పేదవాడు తన భూమి విలువను పొందగలగడం ఈ సవరణలోని న్యాయం. ఆ విలువను ముందే పసిగట్టి చవకగా ఒప్పందాలు చేసుకున్నవారికి లాభం చేకూరడం ఇందులోని ప్రమాదం. 2024 జూలైలో మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో జరిగిన అగ్నిప్రమాదం తరువాత అప్పటి కొత్త ప్రభుత్వం ఫ్రీహోల్డ్ అయిన, అంటే పూర్తి హక్కు పొందిన, భూములపై విచారణ చేపట్టి, రిజిస్ట్రేషన్లను నిలిపివేయడానికి చవక ఒప్పందాల ఈ ముప్పే నేపథ్యం.

కొండ, అడవి

ప్రభుత్వ భూమిలో కొంత మెరుగైన రక్షణ పొందినది అడవి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, దాని స్థానంలో 1967లో వచ్చిన రాష్ట్ర చట్టం రిజర్వు అడవి ప్రకటనకు రెండు మెట్లు పెట్టాయి: ముందుగా ఉద్దేశ ప్రకటన, స్థానికుల హక్కుల విచారణ ముగిశాక తుది ప్రకటన. 1980 నాటి కేంద్ర చట్టం అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్ళించే నిర్ణయాన్ని రాష్ట్రం చేతిలో నుంచి తీసివేయడంతో, స్థానిక నాయకుడు పట్టాలు ఇప్పించగల పరిధి నుంచి అడవి బయటపడింది. వెలిగొండల్లో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించిన పెనుశిల నరసింహ అభయారణ్యం 1990ల చివర ఏర్పడింది. ఎర్రచందనం సహజంగా పెరిగే ఈ కొండల్లో ఆ చెట్టుకున్న అంతర్జాతీయ విలువే దానికి శత్రువు.

అడవి రక్షణ అడవిమీద బతికేవారితో ఎలా ముడిపడి ఉందో ఉదయగిరి చెక్క గరిటెల వృత్తి చూపుతుంది. దుర్గం కొండ అడవుల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారు వంటి తేలికపాటి కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే ఈ పనికి భౌగోళిక సూచిక గుర్తింపు దక్కింది. ఉత్పత్తికి ఊరి పేరుతో చట్టరక్షణ వచ్చింది గాని, ముడికర్ర న్యాయంగా అందే మార్గం దానితోపాటే రాదు. అటవీ శాఖ అనుమతి, కర్ర పునరుత్పత్తి ఒక ప్రణాళికగా ఉన్నప్పుడే చేతివృత్తీ అడవీ రెండూ మిగులుతాయి. 1992 తరువాత వచ్చిన వన సంరక్షణ సమితులు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ దిశలో దారి చూపినవే.

అడవికీ రెవెన్యూ భూమికీ మధ్య సరిహద్దు మాత్రం అస్పష్టంగా ఉంటూ వచ్చింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు యాజమాన్యం ఎవరిదైనా నిఘంటు అర్థంలో అడవి అయినదంతా 1980 చట్టం పరిధిలోనిదేనన్నది. 2025 మే 15న మరొక తీర్పులో, రెవెన్యూ శాఖ చేతిలో ఉండిపోయిన రిజర్వు అటవీ భూములు ప్రైవేటు వ్యక్తులకు వెళ్ళాయేమో పరిశీలించే బృందాలను రాష్ట్రాలన్నీ ఏర్పాటు చేయాలని ఆదేశించింది. కొండ పాదాల దగ్గర బంజరు, అడవి కలిసిపోయే సీతారామపురం, మర్రిపాడు వంటి మండలాలకు ఈ ఆదేశం నేరుగా వర్తిస్తుంది.

పరిశ్రమకు ఇచ్చే భూమి

ఆత్మకూరు నుంచి 2014లోనూ, 2019లోనూ గెలిచిన మేకపాటి గౌతమ్‌రెడ్డి 2019 జూన్ నుంచి 2022 ఫిబ్రవరి 21న ఆకస్మికంగా మరణించేదాకా పరిశ్రమల మంత్రిగా ఉన్నారు. సంగం వద్ద పెన్నామీద కట్టిన కొత్త బ్యారేజీని 2022 సెప్టెంబరు 6న ప్రారంభించి దానికి ఆయన పేరు పెట్టారు. ప్రభుత్వ భూమి దృష్టితో చూస్తే ఆయన కాలంలోని ముఖ్యమైన అంశం బ్యారేజీకున్న పేరు కాదు, 2020 ఆగస్టులో విడుదలైన 2020–23 పారిశ్రామిక విధానంలోని ఒక నిబంధన: పరిశ్రమకు భూమిని వెంటనే అమ్మివేయకుండా, మొదట పదేళ్ళు లీజుకు ఇచ్చి, హామీలు నెరవేర్చినవారికే తరువాత కొనుక్కునే అవకాశం కల్పించడం.

పరిశ్రమ పేరుతో చవకగా తీసుకొని ఖాళీగా ఉంచే భూమి రాష్ట్రంలో పాత సమస్యే. భూ కేటాయింపులపై కాగ్ నివేదిక విమర్శల తరువాత, 2012 సెప్టెంబరు 14న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 571వ నంబరు ఉత్తర్వుతో కేటాయింపులకు ఒక విధానాన్ని ప్రకటించవలసి వచ్చింది. లీజు పద్ధతిలో యాజమాన్యం ప్రభుత్వం వద్దే ఉంటుంది కనుక, పరిశ్రమ రాకపోతే భూమిని తిరిగి తీసుకోవడానికి సుదీర్ఘమైన దావాలు అవసరపడవు. పెట్టుబడిదారు మాత్రం బ్యాంకు రుణానికి తాకట్టు పెట్టడానికి పూర్తి హక్కునే కోరతాడు. ఈ రెండు అవసరాల మధ్య ఘర్షణ ఏ ప్రభుత్వానికీ తప్పలేదు. ఆత్మకూరు దగ్గరి నారంపేటలో 2025 మే 1న ప్రారంభమైన చిన్న పరిశ్రమల పార్కులో ఎన్ని ప్లాట్లు పనిచేసే షెడ్లుగా మారతాయన్నదే దాని విజయానికి సరైన కొలత.

దేవుడి మాన్యం

ఈ ప్రాంతపు రాజకీయ జీవితాల్లో రాష్ట్ర ప్రభుత్వంతో సుదీర్ఘమైన అనుబంధం ఆనం రామనారాయణరెడ్డిది. 1983లో తెలుగుదేశం తరఫున శాసనసభలో ప్రవేశించి, ఎన్.టి. రామారావు మంత్రివర్గంలో రోడ్లు భవనాల శాఖ నిర్వహించి, తరువాత కాంగ్రెస్‌లో చేరి రాపూరు నుంచి 1999లో, 2004లో, ఆత్మకూరు నుంచి 2009లో ఆయన గెలిచారు. 2010 చివరి నుంచి ఉమ్మడి రాష్ట్ర ఆర్థిక మంత్రిగా పనిచేశారు. 571వ నంబరు ఉత్తర్వు వెలువడినప్పుడు ఆయన ఆ మంత్రివర్గంలో ఉన్నారు. 2014లో ఆత్మకూరులో ఓడి, 2019లో వెంకటగిరి నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచి, 2023 మార్చిలో ఆ పార్టీ నుంచి సస్పెండయి, 2024లో మళ్ళీ తెలుగుదేశం అభ్యర్థిగా ఆత్మకూరుకు తిరిగివచ్చి దేవాదాయ శాఖ మంత్రి అయ్యారు.

దేవాలయ భూమి ప్రభుత్వ భూమి కాదు. ప్రజావిశ్వాసం కింద నిర్వహించవలసిన భూమి. అయితే చట్టం దాన్ని ప్రభుత్వ భూమితో సమానమైన జాగ్రత్తతో చూస్తుంది. 1987 నాటి దేవాదాయ చట్టం 80వ సెక్షన్ ప్రకారం కమిషనరు ముందస్తు అనుమతి, బహిరంగ వేలం లేకుండా ఆలయ భూమి అమ్మడానికి వీలులేదు. 83వ సెక్షన్ ఆక్రమణదారును తొలగించే మార్గం చూపుతుంది. 2007 సవరణ ద్వారా ప్రత్యేక ట్రిబ్యునల్ ఏర్పడింది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ అసైన్డ్, ప్రభుత్వ భూములతోపాటు దేవాదాయ, వక్ఫ్ భూముల రిజిస్ట్రేషన్‌ను కూడా నిషేధిస్తుంది. సంగమేశ్వరాలయం ఉన్న సంగం, ప్రసిద్ధ దర్గా ఉన్న అనుమసముద్రంపేట రెండూ ఆత్మకూరు నియోజకవర్గంలోనివే కనుక ఈ సెక్షన్ ఇక్కడి పల్లెలకు కొత్త సంగతి కాదు.

అసలు చిక్కు నిషేధిత జాబితాలోనే ఉంది. ఒక సర్వే నంబరులో రెండెకరాలు ఆలయానివైతే, ఉపవిభాగం చేయని కారణంగా మొత్తం నంబరు నిషేధంలోకి వెళ్ళి, పక్క రైతు కూతురి పెళ్ళికి కూడా తన భూమి అమ్ముకోలేకపోతాడు. 2015 డిసెంబరులో వింజమూరి రాజగోపాలాచారి కేసులో ఉమ్మడి హైకోర్టు ఫుల్‌బెంచి ఈ జాబితాలు ఎలా తయారుచేయాలో, అభ్యంతరాలను ఎలా పరిష్కరించాలో వివరించింది. అయినా విడదీయని జాబితా వల్ల నిజమైన రైతులో ఆగ్రహం పెరిగి, ఆ ఆగ్రహం నిషేధాన్నే ఎత్తివేయాలన్న ఒత్తిడిగా మారుతుంది. దేవాదాయ మంత్రి అయినా రెవెన్యూ మంత్రి అయినా భూమిని కాపాడటానికి చేయగలిగిన అతి ముఖ్యమైన పని ఉపవిభాగపు సర్వే పూర్తిచేయించడమే.

చెరువు, పంచాయతీ, కోర్టు

రాష్ట్రస్థాయి పదవులు ఎంత పెద్దవైనా, మెట్ట గ్రామంలో చెరువు శిఖం, మేతభూమి రోజువారీగా కాపాడవలసింది పంచాయతీ. 2011 జనవరి 28న జగ్‌పాల్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను క్రమబద్ధం చేయరాదని చెప్పి, ఖాళీ చేయించే పథకాలు రూపొందించమని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఏడాది జూలైలో పంచాయతీ ఆస్తుల రక్షణ నియమాలు రాష్ట్రంలో వచ్చాయి. పంచాయతీ ఆస్తుల రిజిస్టరు రాసి, ఏటా ప్రచురించి, ఆక్రమణలను పైకి నివేదించాలన్నది వాటి సారాంశం. సోమశిల జలాశయం 78 టీఎంసీల నీటిని నిలపగలిగినా, దాని హైలెవల్ కాలువ ఈ మెట్టకు నీరు తెచ్చినా, ఆ నీరు ఆగవలసిన ఊరి చెరువు సగం పూడి, సగం సాగయి ఉంటే ప్రయోజనం తగ్గుతుంది. నీరు వచ్చే కొద్దీ భూమి ధర పెరిగి, అదే శిఖం మీద ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది.

తీర్మానం

ఏడు దశాబ్దాల ఈ అనుభవాన్ని కలిపి చూస్తే మూడు విషయాలు తేలుతాయి. రాజకీయ ఒత్తిడికి దూరంగా, స్పష్టమైన సరిహద్దుతో ఉన్న భూమి ఎక్కువగా మిగిలింది. అడవి ఇందుకు ఉదాహరణ. యాజమాన్యాన్ని వదులుకోకుండా వాడకాన్ని మాత్రమే ఇచ్చే లీజు పద్ధతి, అమ్మకం కంటే ప్రజల ఆస్తికి మేలైనది. ఇక పేదకు ఇచ్చే పట్టాకూ ఊరికి మిగలవలసిన పోరంబోకుకూ మధ్య వైరుధ్యం నిజానికి అంత పెద్దది కాదు. రెండింటినీ ఒకే అస్పష్టమైన రికార్డులో కలిపి ఉంచడం వల్ల అది పెరిగింది.

కనుక శాసనసభ్యుడి కృషిని కొలిచే పద్ధతి మారవలసి ఉంది. ఏ నియోజకవర్గంలోనైనా పదవీకాలం మొదట, చివర గ్రామాలవారీగా ప్రభుత్వ, ఆలయ, వక్ఫ్ భూముల విస్తీర్ణాన్ని రెవెన్యూ శాఖ ప్రచురిస్తే, అసైన్‌మెంటు కమిటీ తీర్మానాలు సర్వే నంబర్లతో సహా పంచాయతీ గోడమీద కనిపిస్తే, పంచిన ఎకరాల పక్కనే కాపాడిన ఎకరాలు కూడా ఓటరు లెక్కలోకి వస్తాయి. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు. 1905 నుంచి వచ్చిన చట్టాలన్నీ ప్రభుత్వానికి అధికారాన్ని ఇచ్చాయి; ఆ అధికారాన్ని వాడినందుకు నాయకుడికి రాజకీయ ప్రతిఫలం దక్కే ఏర్పాటు మాత్రమే ఇంతవరకు లోపించింది.